యూదు మతం ఎప్పుడు పుట్టింది? పుస్తకంలో ఒకప్పుడు, వంటింట్లో ఇంకొకప్పుడు

మీ ప్రశ్నలు మూడు. యూదు మతాన్ని స్థాపించింది మూలపురుషుడు అబ్రాహామా, ఈజిప్టు నుంచి జనాన్ని నడిపించిన మోషేనా? వాళ్లు మొదటి నుంచీ ఒక్క దేవుణ్నే కొలిచారా? ఏకదేవుడి సంగతి పారశీకుల దగ్గర నేర్చుకున్నారని వీడియోల్లో చెబుతున్నారు, అది నిజమేనా?

టైం లేనివాళ్ల కోసం చిన్న జవాబు ముందే చెప్పేస్తాను. స్థాపకుడంటూ ఒక మనిషిని చరిత్రలో చూపించలేం. ఒక్కడే దేవుడన్న మాట మొదట్లో లేదు, ఆరు వందల ఏళ్లు పోయాక గట్టిపడింది. పారశీకుల పాత్ర ఉంది గానీ వీడియోల్లో చెప్పే పాత్ర కాదు.

ఇక పెద్ద జవాబు. నేను డిగ్రీ కాలేజీలో 28 ఏళ్లు ప్రాచీన చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ప్రతి బ్యాచిలోనూ ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగేవాళ్లు. వాళ్లలో సగం మందికి బైబిలు కంఠతా వచ్చు, మిగతా సగం దాని ముఖం కూడా చూడలేదు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పి ఇద్దరి చేతా మాట పడ్డాను. పేర్లన్నీ తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాస్తున్నాను, మీరు తెరిచి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది. యెహోవా అన్న పలుకు మీద పండితులకు అభ్యంతరం ఉంది. హీబ్రూలో నాలుగు హల్లులే రాస్తారు, అసలు ఉచ్చారణ యాహ్వేకి దగ్గరగా ఉండేదంటారు. మనకు నోరు తిరిగిన పేరు యెహోవా కాబట్టి అదే ఉంచుతున్నాను.

ఇశ్రాయేలు అనే పేరు బైబిలు బయట మొదటిసారి కనిపించేది ఈజిప్టు రాతి మీద. ఫరో మెర్నెప్తా క్రీ.పూ. 1208 ప్రాంతంలో చెక్కించుకున్న విజయశాసనం అది. 1896లో లక్సర్ దగ్గర ఫ్లిండర్స్ పెట్రీ తవ్వి తీశాడు. ఎక్కువ భాగం లిబియా వాళ్ల మీద గెలుపు గురించే. చివర్లో కనాను (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) వైపు కొట్టిన ఊళ్ల జాబితాలో "ఇశ్రాయేలు పాడైపోయింది, దాని విత్తనం లేదు" అని ఒక ముక్క ఉంది. పక్కనున్న పేర్లకు ఊరు లేక దేశం అని తెలిపే గుర్తు వేసిన లేఖరి, ఇశ్రాయేలుకి మాత్రం మనుషుల గుంపు అని తెలిపే గుర్తు వేశాడు. అంటే అప్పటికి వాళ్లకు కోట గానీ రాజధాని గానీ లేవు, కొండల్లో ఉండే జనం అన్నమాట. విత్తనం లేదని రాయించుకున్న ఫరో వంశం ఎప్పుడో పోయింది. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈ జనం ఎక్కడి నుంచి వచ్చారు? నిర్గమకాండం ప్రకారం ఈజిప్టు నుంచి, స్త్రీలు పిల్లలు కాక ఆరు లక్షల మంది మగవాళ్లు. అంత జనం 40 ఏళ్లు తిరిగితే సీనాయి ఎడారిలో కుండపెంకులైనా మిగలాలి. ఎంత వెతికినా అలాంటి జాడ దొరకలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కాలంలో కనాను కూడా ఈజిప్టు చేతి కిందే ఉండేది. యెరూషలేము పాలకుడు ఫరోకి "మీ పాదాల మీద పడుతున్నాను" అని రాసుకున్న ఉత్తరాలు ఈజిప్టులోని అమర్నాలో దొరికాయి. ఫరో దగ్గర నుంచి పారిపోయి ఫరో రాజ్యంలోనే తేలడం కథకి అంత కుదరదు. అలాగని మొత్తం కల్పన అని కొట్టేయడానికీ నా మనసొప్పదు. మోషే అనే పేరు ఈజిప్టు పేరు, తుత్‌మోస్, రామ్‌సెస్ పేర్ల చివర వినిపించే ముక్కే అది. హొఫ్నీ, ఫీనెహాసు లాంటి యాజకుల పేర్లు కూడా అటువైపువే. ఒక చిన్న గుంపు నిజంగానే తప్పించుకుని వచ్చి ఉండొచ్చు. వాళ్ల కథ తర్వాత అందరి కథ అయి ఉండొచ్చు.

మిగతావాళ్లు? కనాను వాళ్లే. క్రీ.పూ. 1200 తర్వాత ఆ మధ్య కొండల్లో వందల కొద్దీ చిన్న పల్లెలు కొత్తగా లేచాయి. వాటిలో దొరికిన కుండలు కనాను కుండల వరసలోవే. హీబ్రూ కూడా కనాను భాషల్లో ఒకటి. యెషయా 19వ అధ్యాయంలోనే దాన్ని "కనాను భాష" అన్నారు చూడండి.

దేవుడి సంగతి పేర్లలోనే దాగి ఉంది. ఇశ్రాయేలు, ఇష్మాయేలు, బేతేలు, సమూయేలు. చివర వినిపించే "ఏలు" ఒక దేవుడి పేరు. సిరియా తీరంలో రాస్ షమ్రా దగ్గర 1929 నుంచి దొరికిన ఉగారిత్ మట్టి పలకల్లో ఈ ఏల్ దేవతల సభకు పెద్ద, గడ్డం నెరిసిన ముసలి తండ్రి. ఆయన భార్య అషేరా. బయలు వానదేవుడు. యెషయా, యిర్మీయా, హిజ్కియా, నెహెమ్యా పేర్ల చివర ఉన్న "యా" మాత్రం యెహోవా. జాతి పేరులో యెహోవా లేడు, ఏల్ ఉన్నాడు. యెహోవా దక్షిణం వైపు ఎడారి నుంచి వచ్చిన దేవుడని చాలామంది పరిశోధకులు అంటారు. క్రీ.పూ. 14వ శతాబ్దపు ఈజిప్టు శాసనం ఒకటి సూడాన్‌లోని సోలెబ్ గుడిలో ఉంది. అందులో "షాసు అనే సంచార జనాల యాహూ నేల" అన్న మాట కనిపిస్తుంది.

ఈ ఇద్దరు దేవుళ్లూ కాలక్రమంలో ఒకరైపోయారు. ఆ అతుకు కనబడుతూనే ఉంటుంది. ఆదికాండం మొదటి అధ్యాయమంతా "దేవుడు" అని ఉండి, రెండో అధ్యాయం నాలుగో వచనం నుంచి ఉన్నట్టుండి "దేవుడైన యెహోవా" అవుతుంది, సృష్టి వరస కూడా మారిపోతుంది. నిర్గమకాండం 6వ అధ్యాయంలో దేవుడే మోషేతో అంటాడు, అబ్రాహాము ఇస్సాకు యాకోబులకు వేరే పేరుతో కనిపించాను, యెహోవా అన్న పేరు వాళ్లకు తెలియదు అని. ద్వితీయోపదేశకాండం 32:8 ఇంకా ఆసక్తికరం. మహోన్నతుడు జనాలకు సరిహద్దులు పంచినప్పుడు ఇశ్రాయేలీయుల లెక్కను బట్టి పంచాడని మన తెలుగులో ఉంది. మృత సముద్రం గుహల్లో దొరికిన పాత ప్రతిలో అక్కడ "దేవుని కుమారుల లెక్కను బట్టి" అని ఉంది. ఒక్కో జాతికి ఒక్కో దేవుడు, యెహోవా వంతుకి యాకోబు వచ్చాడని ఆ పద్యం పాత అర్థం అన్నమాట. తర్వాతి లేఖరికి అది మింగుడుపడక ఒక మాట మార్చేసినట్టుంది.

అబ్రాహాము గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆయన పేరు ఆ కాలపు రాతల్లో ఎక్కడా లేదు. రాజు దావీదు విషయంలో 1993లో తేల్ దాను దగ్గర దొరికిన రాయి మీద "దావీదు ఇల్లు" అన్న మాట ఉంది కాబట్టి ఆ పేరుతో రాజవంశం ఉండేదని ఒప్పుకోవాలి. ఆయన కొడుకు సొలొమోను మహా సామ్రాజ్యం మాత్రం పురావస్తు శాస్త్రానికి ఇంకా కనబడలేదు.

రాజుల కాలంలో మామూలు మనుషుల మతం ఎలా ఉండేదో చూద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే. క్రీ.పూ. 800 ప్రాంతంలో సీనాయి దారిలో బాటసారులు ఆగే మజిలీ ఒకటి ఉండేది, ఇప్పుడు ఆ చోటుని కుంటిల్లెత్ అజ్రూద్ అంటారు. అక్కడి పెద్ద జాడీల మీద సిరాతో ఆశీర్వాదాలు రాసి ఉన్నాయి. "షోమ్రోను యెహోవా పేరునా ఆయన అషేరా పేరునా నిన్ను దీవిస్తున్నాను." ఆ అషేరా దేవతా, ఆమెకు గుర్తుగా నిలబెట్టే కొయ్యా అని పండితులు కొట్టుకుంటారు. తెలుగు బైబిల్లో చాలాచోట్ల దేవతాస్తంభం అని అనువదించింది ఈ మాటనే. ఏదైనా గానీ రాసినవాడు తప్పు చేస్తున్నానని అనుకోలేదు. ఇంకో సంగతి గమనించండి, "షోమ్రోను యెహోవా" అన్నాడు, షోమ్రోను అంటే ఉత్తర రాజ్యపు రాజధాని. పక్కనే "తేమాను యెహోవా" కూడా ఉన్నాడు. మనం సింహాచలం అప్పన్న, మంగళగిరి పానకాల స్వామి అన్నట్టు ఊరిని బట్టి దేవుడు.

యెరూషలేము రాజధానిగా దక్షిణాన ఉన్న యూదా రాజ్యం సరిహద్దులో, అరాదు కోటలో యెహోవాకి చిన్న గుడి ఉండేది. గర్భగుడి గుమ్మం దగ్గర రెండు ధూప వేదికలు. వాటి మీద మాడిపోయి మిగిలిన మసిని పరీక్షించి 2020లో ఫలితం ప్రకటించారు. ఒకదాని మీద సాంబ్రాణి జాతి ధూపం, రెండోదాని మీద గంజాయి. ఈ వార్త వచ్చినప్పుడు పాత శిష్యుడొకడు అర్ధరాత్రి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ కాలపు దేవుడు చుట్టుపక్కల దేవుళ్లకి ఎంత దగ్గరో తెలియాలంటే మృత సముద్రానికి తూర్పున ఉన్న మోయాబు రాజు మేషా శాసనం చదవాలి. క్రీ.పూ. 840 ప్రాంతపు నల్లరాయి, 1868లో బయటపడింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును ఎందుకు అణచగలిగాడంటే కెమోషు దేవుడికి తన నేల మీద కోపం వచ్చింది కాబట్టి, అంటాడు మేషా. తర్వాత కెమోషు ఆజ్ఞ ఇస్తే తాను ఇశ్రాయేలు ఊరు నెబోను కొట్టి, 7,000 మందిని దేవుడి పేరున చంపి, యెహోవా సామాను ఈడ్చుకెళ్లి కెమోషు ముందు పెట్టానంటాడు. పేర్లు తీసేస్తే అచ్చం రాజుల గ్రంథం చదువుతున్నట్టే ఉంటుంది. ఓడిపోతే మన దేవుడికి కోపం వచ్చిందనుకోవడం ఇశ్రాయేలు వాళ్లు కనిపెట్టింది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. మోయాబు అంతరించాక కెమోషు కూడా పోయాడు. యెహోవా పోలేదు. ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న.

జవాబులో మొదటి భాగం అష్షూరు సామ్రాజ్యం. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యాన్ని క్రీ.పూ. 722లో అష్షూరు మింగేసింది, జనాన్ని చెదరగొట్టింది. పది తెగలు పోయాయన్న కథ ఇక్కడిదే. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు కుటుంబాలు తాము ఆ ఎఫ్రాయిం తెగ వాళ్లమని చెప్పుకుంటాయి, వాళ్లకు అక్కడ ప్రార్థన మందిరం కూడా ఉంది. 2,700 ఏళ్ల వంశవృక్షం ఎవరూ రుజువు చేయలేరు, ఆ జోలికి నేను పోను. అసలు విషయానికొస్తే, ఉత్తరం పడిపోయాక అక్కడి శరణార్థులు యెరూషలేముకి వచ్చారని, వాళ్లతోపాటు వాళ్ల కథలు, రాతలు కూడా వచ్చాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. సరిగ్గా ఆ తరంలోనే యెరూషలేము చిన్న కొండ ఊరు నుంచి నగరమైంది.

రెండో భాగం యూదా రాజు యోషీయా. క్రీ.పూ. 622లో గుడికి మరమ్మతులు చేస్తుంటే ప్రధాన యాజకుడు హిల్కీయాకి ధర్మశాస్త్ర గ్రంథం "దొరికింది". లేఖరి షాఫాను దాన్ని రాజుకి చదివి వినిపించాడు, రాజు బట్టలు చింపుకున్నాడు. అది అసలైన గ్రంథమేనా అని తేల్చమని ఎవరి దగ్గరికి వెళ్లారో తెలుసా? హుల్దా అనే ఆడమనిషి దగ్గరికి. తర్వాత రాజు గుళ్లన్నీ పడగొట్టించాడు, యెహోవా మందిరంలోనే ఉన్న అషేరా బొమ్మను కిద్రోను వాగు దగ్గర కాల్పించాడు, బలి ఒక్క యెరూషలేములోనే అన్నాడు. ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండంలో ప్రధాన భాగమని 1805లోనే జర్మన్ పండితుడు డి వెట్టె అన్నాడు, నేటికీ ఎక్కువమంది మాట అదే. దాని రాత చూడండి. అష్షూరు చక్రవర్తి ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో సామంతుల చేత చేయించిన ప్రమాణపత్రంలో వారసుణ్ని మీ ప్రాణంలా ప్రేమించండి, తప్పితే ఆకాశం ఇత్తడిలా నేల ఇనుములా అవుతాయి అన్న ధోరణి ఉంది. ద్వితీయోపదేశకాండంలోనూ ప్రేమించు అన్న ఆజ్ఞ, 28వ అధ్యాయంలో అవే ఇత్తడి ఇనుము శాపాలు. చక్రవర్తి కూర్చునే కుర్చీలో యెహోవాని కూర్చోబెట్టారు. రాజుకి కాదు, దేవుడికి సామంతులం అన్నారు. నన్నడిగితే ఆ లేఖరులు చేసినంత తెలివైన పని ఆ కాలంలో ఇంకెవరూ చేయలేదు.

అయితే పుస్తకం వచ్చింది కదా అని ఇళ్లు మారలేదు. ఆ కాలపు యూదా ఇళ్లలో స్తనాలు పట్టుకుని నిలబడ్డ ఆడబొమ్మలు, మట్టివి, వందల కొద్దీ దొరికాయి, యెరూషలేములోనే బోలెడు. ప్రవక్త యిర్మీయా గ్రంథం 7వ అధ్యాయంలో వాళ్ల ఇంటి దృశ్యం ఉంది. పిల్లలు కట్టెలు ఏరుతున్నారు, తండ్రులు నిప్పు రాజేస్తున్నారు, ఆడవాళ్లు పిండి పిసుకుతున్నారు, ఆకాశరాణికి పిండివంటలు చేయడానికి. తిట్టడానికే రాశాడు పాపం, కానీ పండగనాటి ఇల్లు కళ్లకు కట్టాడు.

క్రీ.పూ. 586లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేముని తగలబెట్టాడు. గుడి పోయింది, రాజు పోయాడు, నేల పోయింది. చాలామందిని బబులోనుకి చెరపట్టి తీసుకెళ్లారు, కొందరు ఈజిప్టుకి పారిపోయారు. యిర్మీయా అక్కడా వదల్లేదు, మీ విగ్రహారాధన వల్లే ఇదంతా అన్నాడు. 44వ అధ్యాయంలో ఆడవాళ్లు ఇచ్చిన జవాబు చదవండి. "మేం ఆకాశరాణికి ధూపం వేసినన్నాళ్లూ కడుపు నిండా తిన్నాం. మానేసిన దగ్గర నుంచే కరువూ కత్తీ మా మీద పడ్డాయి." యోషీయా సంస్కరణ మీద ఇంతకంటే సూటి విమర్శ నేను చదవలేదు. ఒకే ఓటమికి రెండు కారణాలు. యిర్మీయా చెప్పిన కారణం గెలిచింది కాబట్టి ఆయన పుస్తకం మన చేతిలో ఉంది. ఆ ఆడవాళ్ల కారణం గెలిచి ఉంటే యూదు మతం అనేదే ఉండేది కాదేమో.

యిర్మీయా వైపు వాదం బబులోను చెరలో పండింది. ఆ చెర అంటే జైలు అనుకోకండి. చెరపట్టిన యూదా రాజు యెహోయాకీనుకీ ఆయన కొడుకులకీ రేషన్ కింద నూనె ఇచ్చిన లెక్కలు బబులోను రాజభవనంలో దొరికాయి. యూదా ఊరు అనే పేరుతోనే అక్కడొక పల్లె ఉండేది, పొలాలు, కాలవలు, అప్పులు, పన్నుల పత్రాలు మట్టి పలకల మీద మిగిలాయి. గుడి లేని చోట బలి ఇవ్వలేరు. మరి నేను యూదావాణ్ని అని ఎలా తెలుస్తుంది? సున్నతి. యూదా పక్కన మోయాబు, ఈజిప్టు వాళ్లకు కూడా సున్నతి ఉండేది కాబట్టి అక్కడ అది గుర్తు కాదు. బబులోనులో చుట్టూ ఎవరికీ లేదు, అక్కడ గుర్తైంది. విశ్రాంతిదినం కూడా అంతే, మోసుకెళ్లగలిగినది. పాత కథలన్నీ కూర్చి రాయడం, దిద్దడం కూడా ఎక్కువగా ఈ కాలంలోనూ ఆ తర్వాతా జరిగిందే.

ఇక్కడే మీ మూడో ప్రశ్న. యెషయా 40 నుంచి 55 అధ్యాయాలు ఈ చెర చివర్లో పేరు తెలియని కవి రాసినవి. "నేనే మొదటివాణ్ని, నేనే కడపటివాణ్ని, నేను తప్ప దేవుడు లేడు." మిగతా దేవుళ్లు బలహీనులు అనడం లేదు, అసలు లేరంటున్నాడు. కట్టెలో సగంతో రొట్టె కాల్చుకుని మిగతా సగంతో దేవుణ్ని చేసుకుంటాడా అని వెక్కిరిస్తాడు. ఇలా ఖరాఖండిగా చెప్పడం ఇదే మొదలు. ఇది క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బబులోనుని పట్టుకున్న రోజుల నాటి మాట. అప్పటికి యూదులకి పారశీకులతో పరిచయమే అంతంత మాత్రం. పైగా ఈ వాదం అష్షూరు కాలం నుంచి నడుస్తున్నదే. "అష్షూరు నా కోపపు దండం" అని యెషయా 10లో అన్నప్పుడే, పక్క దేశపు చక్రవర్తిని కూడా ఆడించేవాడు మన దేవుడే అని ఒప్పుకున్నట్టయింది. మిగిలింది చివరి మెట్టు. తమాషా ఏమిటంటే, కోరెషు తన మట్టి స్థూపం (సిలిండర్) మీద నన్ను ఎంచుకున్నది బబులోను దేవుడు మర్దుకు అని రాయించుకున్నాడు. యెషయా 45 నిన్ను ఎంచుకున్నది యెహోవా అంటుంది, ఏకంగా "అభిషిక్తుడు" అని పిలుస్తుంది. అభిషిక్తుడంటే మెస్సీయ. ఆ స్థూపం మీద యూదుల పేరు గానీ యెరూషలేము పేరు గానీ లేవు, అది మానవ హక్కుల పత్రం అని వాట్సాప్‌లో తిరిగేదంతా నమ్మకండి.

పారశీకులు ఇచ్చింది సిద్ధాంతం కాదు, చోటు. గుడి క్రీ.పూ. 515 ప్రాంతంలో మళ్లీ లేచింది. రాజు లేడు, యాజకులే పెద్దలు. పారశీకులు గవర్నరుగా పంపిన నెహెమ్యా క్రీ.పూ. 445లో యెరూషలేము గోడలు కట్టించాడు. నీటి గుమ్మం దగ్గర యాజకుడు ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే జనం ఏడ్చారని నెహెమ్యా 8లో ఉంది. చచ్చినవాళ్లు లేవడం, తీర్పు, పేర్లున్న దేవదూతలు లాంటివి తర్వాతి శతాబ్దాల్లో కనిపిస్తాయి. వాటిలో పారశీక గాలి ఉందంటే నేను కాదనను, కానీ పునరుత్థానం స్పష్టంగా కనిపించే దానియేలు గ్రంథం గ్రీకు రాజుల కాలంలో, క్రీ.పూ. 165 దగ్గర పూర్తయింది.

ఎజ్రాతో మతం ఖరారైపోయిందని నేనూ చాలా ఏళ్లు పాఠం చెప్పాను. ఎలిఫాంటైన్ కాగితాలు శ్రద్ధగా చదివాక మార్చుకున్నాను.

ఈజిప్టులో ఇప్పటి అస్వాన్ దగ్గర నైలు మధ్యలో ఉన్న దీవి అది. పారశీకుల కింద సరిహద్దు కాపలా కాసే యూదు సైనిక కుటుంబాలు క్రీ.పూ. 5వ శతాబ్దంలో అక్కడ ఉండేవి. ఇసుకలో వాళ్ల పపైరస్ కాగితాలు చెక్కుచెదరకుండా మిగిలాయి. పెళ్లి పత్రాలు, ఇంటి పత్రాలు, ఉత్తరాలు. వాళ్లు తమ దేవుణ్ని యాహూ అనేవాళ్లు. ఆయనకు అక్కడే సొంత గుడి ఉంది, బలులు ఇచ్చేవాళ్లు. యెరూషలేము తప్ప ఇంకెక్కడా బలి కూడదని యోషీయా అని అప్పటికి రెండు వందల ఏళ్లు. క్రీ.పూ. 410లో పక్కనే ఉన్న ఖ్నూమ్ దేవుడి పూజారులు స్థానిక అధికారితో కలిసి ఆ గుడిని కూల్చేశారు. దీవి వాళ్లు యెరూషలేము ప్రధాన యాజకుడికి రాశారు. జవాబు రాలేదు. క్రీ.పూ. 407లో యూదా గవర్నరుకి రాశారు, ఆ ఉత్తరం నకలు మన దగ్గర ఉంది. మూడేళ్లుగా గోనెబట్టలు కట్టుకుని ఉపవాసాలున్నాం, నూనె రాసుకోలేదు, ద్రాక్షరసం తాగలేదు అని గోడు వెళ్లబోసుకున్నారు. చివరికి గుడి కట్టుకోండి, ధాన్యం, ధూపం అర్పించుకోండి అని అనుమతి వచ్చింది. దహనబలి మాట మాత్రం అందులో లేదు. ఎవరినీ నొప్పించని సర్కారీ జవాబు, ఏ కాలమైనా ఒకటే.

అదే దీవిలో గుడి చందాల జాబితా ఒకటుంది. తలా రెండు తులాల వెండి. చివర లెక్క చూస్తే యాహూకి ఇంత, ఎషెంబేతేలుకి ఇంత, అనాత్‌బేతేలుకి ఇంత. ఒక యూదు ఇల్లాలు కోర్టులో ఈజిప్టు దేవత సాతి మీద ప్రమాణం చేసింది. ఇన్ని కాగితాల్లో అబ్రాహాము లేడు, మోషే లేడు, ధర్మశాస్త్రం అన్న మాటే లేదు. వీళ్లు దారి తప్పినవాళ్లని ఎవరూ వెలేయలేదు, యూదా గవర్నరే జవాబు ఇస్తున్నాడు.

యూదాలోనే సంగతేంటి? లేవీయకాండం 11 రెక్కలూ పొలుసులూ లేని చేపను తినొద్దంటుంది. అంటే మన వాలుగ లాంటివి పనికిరావు. 30 చోట్ల తవ్వకాల్లో దొరికిన సుమారు 20,000 చేప ముళ్లను పరిశీలించి 2021లో ఫలితం రాశారు. పారశీకుల కాలపు యెరూషలేములో కూడా పొలుసు లేని చేపలు హాయిగా తిన్నారు. అప్పటి యూదా నాణేల మీద మనిషి ముఖాలు, ఒకదాని మీద రెక్కల చక్రం మీద కూర్చున్న దేవుడి బొమ్మ. ఈ ఆధారాలన్నీ పోగేసి యోనతాన్ ఆడ్లర్ అనే పురావస్తు పరిశోధకుడు 2022లో ఒక మాట అన్నాడు. మామూలు జనం ధర్మశాస్త్రాన్ని ఆచరించారనడానికి క్రీ.పూ. 2వ శతాబ్దానికి ముందు గట్టి ఆధారం లేదు. అందరూ ఒప్పుకోలేదు. ఆధారం మిగలకపోతే ఆచారమే లేదనలేం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. నేను మాత్రం ఆడ్లర్ వైపు ముప్పాతిక వంతు మొగ్గుతాను.

ఆ 2వ శతాబ్దంలో ఏం జరిగింది? క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంతియోకస్ యెరూషలేము గుడిని అపవిత్రం చేసి, సున్నతినీ విశ్రాంతిదినాన్నీ నిషేధించాడు. మోదీన్ ఊరి యాజక కుటుంబం, మక్కబీయులు, తిరగబడ్డారు. క్రీ.పూ. 164లో గుడిని శుద్ధి చేసుకున్నారు, హనుక్కా పండగ దానికే. వాళ్ల వంశమే తర్వాత రాజ్యమేలింది. ఇప్పుడు పుస్తకానికి సైన్యం దొరికింది. పక్కనున్న ఎదోము వాళ్లను జయించి సున్నతి చేయించుకుంటారా, ఊరు వదులుతారా అన్నారు. గెరిజీము కొండ మీద, యెహోవానే కొలిచే ఉత్తరపు పొరుగువాళ్లైన సమరయుల గుడిని కూల్చారు. నాణేల మీద మనిషి బొమ్మ మాయమైంది. ఇళ్లలో మెట్లు దిగి మునిగే శుద్ధి స్నానపు తొట్లు వచ్చాయి, ఇప్పటికి వందల్లో బయటపడ్డాయి. తర్వాత సున్నపురాయి గిన్నెలు వచ్చాయి, రాతికి మైల అంటదని. మడికి ఇత్తడి, మైలకి మట్టి అని లెక్కలు చూసిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. "యూదాయిస్మోస్" అన్న గ్రీకు మాట, అంటే యూదు పద్ధతి, మొదటిసారి కనిపించేది కూడా ఈ పోరాటం గురించిన మక్కబీయుల రెండో గ్రంథంలోనే. ఆకాశరాణికి పిండి పిసికిన వంటింట్లోకి పుస్తకం వచ్చి కూర్చుంది. అందుకే మతం పుట్టిన తేదీ ఒకటే చెప్పమంటే నేను యోషీయాని కాక ఈ స్నానపు తొట్లనే చూపిస్తాను.

ఆ తర్వాత పరిసయ్యులు, సద్దూకయ్యులు, మృత సముద్రం ఒడ్డున గ్రంథాలు దాచుకున్న వాళ్లు, చివరికి యేసు అనుచరులు, అందరూ ఈ ఇంట్లో పుట్టి పుస్తకానికి అర్థమేంటని పోట్లాడుకున్నవాళ్లే. క్రీ.శ. 70లో రోమన్లు గుడిని తగలబెట్టారు. శవపేటికలో దాక్కుని యెరూషలేము నుంచి బయటపడిన యోహానాన్ బెన్ జక్కాయి అనే గురువు యవ్నే అనే ఊళ్లో పాఠశాల పెట్టాడని ఐతిహ్యం. శవపేటిక కథ సంగతేమో గానీ, యవ్నేలో గురువులు పోగైన మాట నిజం. 135లో రోమన్ల మీద బర్ కోఖ్బా నడిపిన తిరుగుబాటు కూడా అణగిపోయాక ఇక గుడి రాదని తేలిపోయింది. రబ్బీ యూదా హనాసీ 200 ప్రాంతంలో నోటి సంప్రదాయమంతా 63 భాగాల మిష్నాగా కూర్చాడు. దాని మీద చర్చలు పెరిగి పెరిగి తల్మూదు అయ్యాయి. మిష్నాలో లేని గుడికి ఎలా బలివ్వాలో ఒక పెద్ద విభాగమే ఉంది. మొదటి వాక్యమే సాయంత్రం ప్రార్థన ఎప్పటి నుంచి చెప్పుకోవచ్చని అడుగుతుంది. యాజకులు తమ వంతు పవిత్రమైన తిండి తినడానికి లోపలికి వెళ్లే వేళ నుంచి, అని జవాబు. గుడి పోయి 130 ఏళ్లు, వేళ మాత్రం ఇంకా యాజకుడి భోజనాన్ని బట్టే.

మీరు సొంతంగా చూసుకోవాలనుకుంటే తెలుగు బైబిల్లో రాజులు రెండవ గ్రంథం 22, 23 అధ్యాయాలు, యిర్మీయా 44, యెషయా 44, నెహెమ్యా 8, ఈ వరసలో చదవండి. రెండు గంటల పని. యిర్మీయా 44 దగ్గర ఆ ఆడవాళ్ల మాట వచ్చినప్పుడు కొంచెం ఆగండి. సమరయుల గురించి విడిగా అడిగితే రాస్తాను, అది దీనంతే పొడుగవుతుంది.